తోణి మింగిన చుక్క

జెస్సీ సందేశం వచ్చేటప్పటికి తొమ్మిదిన్నర అయింది. వత్సల పంచాయతీ గ్రంథాలయం తలుపు తీసి, నీళ్లు కారుతున్న గొడుగును గుమ్మానికి ఆనించి, కంప్యూటర్ ముందు అప్పుడే కూర్చుంది.

జెస్సీ సాంత్వన కేంద్రంలో నర్సు. వత్సలను చేచీ అంటుంది, అక్క అని. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకే వెళ్లి మందూ మాటా ఇచ్చి వచ్చే కేంద్రం అది. జీతం తీసుకునేవాళ్లు ఇద్దరే. మిగతా పనంతా ఊళ్లోవాళ్లు వంతులు వేసుకుని చేస్తారు.

"చేచీ, నీ తోణి పుణ్యమా అని మందుల కాగితాలు ముచ్చటగా వచ్చాయి. నిన్న సాయంత్రం మనవాళ్లు అన్ని ఇళ్లకూ పంచేశారు. ఇప్పుడు జీపులో నకళ్లు చూస్తుంటే బీరాన్ కాక్క కాగితంలో నొప్పి మాత్ర పొద్దున అయిదు అని ఉంది. అయిదేమిటి? పాత ఫైల్లో ఏముందో చూడు. కొండెక్కుతున్నాం, ఇక సిగ్నల్ ఉండదు."

వత్సల వెంటనే ఫోను చేసింది. అందలేదు. మళ్లీ చేసింది. అప్పటికే జీపు రబ్బరు తోటల్లోకి వెళ్లిపోయినట్టుంది.

తోణి అంటే మలయాళంలో పడవ. పాత కంప్యూటర్లలో పుట్టి కొత్తవాటిలో తెరుచుకోని ఫైళ్లను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే ప్రోగ్రాం కాబట్టి ఆ పేరు పెట్టారు. దాన్ని ఏ కంపెనీ చెయ్యలేదు. త్రిస్సూరులో డెన్నీ, ఇక్కడ వత్సల, ఇంకా ముఖాలు చూడని నలుగురైదుగురు, తీరిక దొరికినప్పుడల్లా తలో చెయ్యీ వేసి కట్టింది. ఎవరు కావాలన్నా ఊరికే తీసుకోవచ్చు, అడగక్కర్లేదు. ఆరేళ్లుగా వత్సలకు అదే గర్వం. పెళ్లిళ్లలో కూడా ఎవరైనా దొరికితే చాలు, తోణి కబుర్లే చెప్పేది.

సాంత్వన కేంద్రం పాత పట్టిక తెరిచింది. దాన్ని టైపు చేసింది సుకుమారన్ మాస్టరు. ఆయన పోయి రెండు నెలలయింది. ఎంత నిదానం మనిషంటే, చదివేవాళ్ల కన్ను ఒక వరస నుంచి ఇంకో వరసకు జారకూడదని మందు పేరుకూ లెక్కకూ మధ్య పొడుగునా చుక్కలు పెట్టుకుంటూ పోయేవాడు. పెళ్లిభోజనాల సామాన్ల జాబితా రాసినా అంతే, కొబ్బరికాయల దగ్గర మొదలైన చుక్కలు కాగితం చివరిదాకా పోయేవి.

బీరాన్ కాక్క వరస. మందు పేరు, చుక్కలు, చుక్కలు, చివర అయిదు.

'మాస్టరే పొరపాటున కొట్టాడేమో' అనుకుంది. అలా అనుకోగానే ప్రాణం కాస్త కుదుటపడింది కూడా. అయినా ఆ ఒక్క వరసనే విడిగా కోసి తోణిలో వేసింది. అయిదు అనే వచ్చింది. అయిదుకు ఆనుకున్న చివరి చుక్క ఒక్కటి ఉంచి, మిగతా బారు చెరిపేసి వేసింది. ఈసారి అర వచ్చింది.

వత్సల పాత వరసను పెద్దది చేసి మళ్లీ చూసింది.

మాస్టరు అర అని వెయ్యడానికి ముందు సున్నా పెట్టేవాడు కాదు. ఒట్టి చుక్క పెట్టి పక్కన అయిదు వేసేవాడు. ఆ చుక్క వెళ్లి బారులోని చుక్కల్లో కలిసిపోయింది. చుక్కల బారు కనబడితే తినెయ్యమని తోణికి నేర్పింది ఎవరు? వత్సలే. పోయిన నెలలో గ్రంథాలయం పుస్తకాల జాబితా మారుస్తుంటే చుక్కలు అడ్డమొచ్చి విసుగు పుట్టించాయి. ఒక పూట కూర్చుని వాటిని తీసేసే నాలుగు వరసల కోడ్ రాసింది. ఒకరు రాస్తే ఇంకొకరు చూడాలని వాళ్ల కట్టుబాటు. డెన్నీ చూశాడు, ఆ పుస్తకాల జాబితాతోనే. పుస్తకాల జాబితాలో సగాల లెక్కలెందుకుంటాయి?

మొత్తం పట్టికను వెతికింది. నలభై ఒక్క పేర్లు. అలాంటి వరస ఒక్కటే. బీరాన్ కాక్కది.

ఊరంతా కాక్క, పెద్దన్న, అని పిలిచే ఆ మనిషి ఒకప్పుడు చలియార్ నదిలో దుంగల తెప్పలు నడిపినవాడు. ఇప్పుడు మంచం మీద దుప్పటి ముడతలా ఉన్నాడు. ఆ ఒంటికి ఆ నొప్పి మాత్ర అయిదు ఒకేసారి పడితే నిద్రపోతాడు. ఊపిరి తీసుకోవడం కూడా మరిచిపోయేంత నిద్ర. గంజి తాగాక మాత్ర. వాళ్లింట్లో గంజి ఎనిమిదింటికి. గోడ గడియారం పదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

కోడలు సుల్ఫత్ ఫోను మూగగా ఉంది. రెండు రోజులుగా ఆ వైపు కరెంటు లేదు.

వత్సల తోణిని నెట్‌లో అందరూ తీసుకునే చోటు నుంచి దించేసింది. "ఎవరూ వాడకండి. మందుల లెక్కలు మార్చినవాళ్లుంటే వెంటనే పాతదానితో సరిచూడండి" అని నాలుగు ముక్కలు రాసి పెట్టింది. గ్రంథాలయం తలుపు కూడా వెయ్యకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది.

కూడలిలో చాత్తుక్కుట్టి ఆటో ఒక్కటే ఉంది. అతను ఆమె కాళ్ల వైపు చూశాడు.

"ఎవరి పెళ్లి చేచీ? చెప్పులు రెండు రకాలు తొడుక్కొచ్చావు."

"బీరాన్ కాక్క ఇంటికి. త్వరగా పోనియ్ చేట్టా."

"ఆ వెదురు వంతెన దాకా పోతాను. దాని మీద మాత్రం ఎక్కించను, నాకింకా పిల్ల పెళ్లి ఉంది." అని అద్దంలో ఆమె ముఖం చూసి ఆపేశాడు. "కాక్కకేమన్నా అయిందా?"

"తెలీదు."

ఆ తర్వాత అతను గుంటలు చూడకుండా తోలాడు.

దారిలో డెన్నీ పలికాడు. వత్సల విషయం చెప్పింది.

"చేచీ, బాగుంది అని రాసింది నేనే కదా. టీ తాగుతూ చూశాను. పైపైన చూసి రాసేశాను."

"ఇప్పుడు ఆ మాటలొద్దు. మనల్ని అడిగి తీసుకున్న సాంత్వన కేంద్రాలు రెండున్నాయి. వాళ్లకు ఫోన్ చెయ్. అడగకుండా తీసుకున్నవాళ్లు..."

"వాళ్లెవరో మనకెలా తెలుస్తుంది చేచీ?"

"ముందు ఆ రెంటికీ చెయ్," అని వత్సల ఫోను పెట్టేసింది.

వంతెన దగ్గర ఆటో దిగింది. కింద వాగు ఎర్రగా, కోపంగా పోతోంది. వెదుళ్లు పాదాల కింద జారుతున్నాయి. అవతలి గట్టెక్కేసరికి బీరాన్ కాక్క మూలుగు వినబడింది. మూలుగుతున్నాడంటే ఉన్నాడు. ఆ మూలుగును పట్టుకుని నడిచింది. వాకిట్లో పోకచెట్ల దగ్గరికి వచ్చేసరికి అది ఠక్కున ఆగిపోయింది.

వత్సల చెప్పులు విడవకుండానే లోపలికి పోయింది.

మంచం మీద కాక్క కళ్లు మూసుకుని ఉన్నాడు. గోడకు కొత్త కాగితం, చుక్కల్లేకుండా శుభ్రంగా, అందంగా. తలగడ దగ్గర ఆయన భార్య ఆయిషుమ్మ, పిడికిలి బిగించి కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర సుల్ఫత్ ఏడుస్తోంది.

"ఇచ్చారా?" అంది వత్సల. "ఉమ్మా, మాత్రలు ఇచ్చారా?"

"నువ్వే చెప్పు చేచీ!" సుల్ఫత్ లేచింది. "కాగితం మీద అయిదని అంత పెద్దగా ఉంది. పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను. మావయ్య ఒకటన్నా ఇవ్వమని దండాలు పెడుతున్నాడు. ఈవిడ గుప్పిట విప్పదు! చదువు రాదు, చదివి చెబితే వినదు."

"వినను. నీ కాగితం నిన్న వచ్చింది. ఈ డబ్బా మూడు నెలల్నించి నా దగ్గరుంది," అని ఆయిషుమ్మ రెండో చేత్తో రేకు డబ్బా ఎత్తి చూపింది. మూత మీద నల్ల సిరాతో సగం చందమామ. చదవలేనివాళ్ల కోసం జెస్సీ గీసే గుర్తు అది. "ఇదేమో సగం అంటోంది, అదేమో అయిదంటోంది. రెండూ కొట్టుకు చస్తుంటే ఎవరి మాట వినమంటావు? ఎవరన్నా వచ్చేదాకా ఏదీ ఇవ్వనన్నాను. నన్ను చంపుతున్నావే ఆయిషూ అని తిట్టాడు. తిట్టీ తిట్టీ ఇప్పుడే సొమ్మసిల్లాడు."

వత్సల కాక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి వేడిగా తగిలింది.

"సగమే ఉమ్మా. డబ్బా చెప్పిందే నిజం."

ఆయిషుమ్మ పిడికిలి విప్పింది. చెమటకు మాత్రలు అరచేతికి అంటుకుపోయాయి. పొడిగా ఉన్నది డబ్బాలోంచి ఒకటి తీసి, బొటనవేలి గోటితో విరిచి, భర్త చెంప తట్టి లేపి, సగం నాలుక మీద పెట్టింది. గంజినీళ్లు పోసింది. ఆయన మింగాడు. కళ్ల కొసల్లోంచి నీళ్లు కారాయి. రెండు గంటల నొప్పి అది, ఊరికే పడ్డాడు.

వత్సల గోడ మీది కాగితం చింపేసింది.

"ఇది నా వల్ల జరిగింది ఉమ్మా. పాత పట్టికను కొత్తగా మార్చేది నేను చేసిందే. చుక్కలు అందంగా లేవని తీసేయమన్నాను. ఈయన చుక్క కూడా పోయింది."

సుల్ఫత్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తన చెయ్యి వైపు తనే చూసుకుంది. అత్త కాస్త మెత్తబడి ఉంటే ఆ చేత్తోనే ఇచ్చేది.

ఆయిషుమ్మ తిట్టలేదు. మిగిలిన సగం మాత్రను డబ్బాలో వేసి మూత నొక్కింది.

అప్పుడే ఫోన్‌కు ఎక్కడిదో కాస్త సిగ్నల్ తగిలింది. డెన్నీ సందేశం. "రెండు కేంద్రాలూ పలికాయి. అక్కడ తప్పు లేదు." దాని కింద ఇంకో వరస. "పోయిన నెల నుంచి తోణిని మూడువందల పన్నెండుసార్లు తీసుకున్నారు చేచీ. ఎవరో ఎక్కడో తెలియదు."

వత్సల ఆ అంకె చూస్తూ గోడకు ఆనుకుని నేల మీదికి జారింది.

"ఏమిటి?" అంది ఆయిషుమ్మ.

"ఇంకా చాలామంది తీసుకున్నారు ఉమ్మా. ఎవరైనా తీసుకోవచ్చని పెట్టాం."

"వాళ్లలో మంచాన పడ్డవాళ్లుంటారా?"

"ఉండొచ్చు."

"వాళ్ల డబ్బాల మీద చందమామ ఉంటుందా?"

"అందరికీ ఉండదు ఉమ్మా."

"మరి ఇక్కడ కూర్చున్నావేం?" అంది ఆయిషుమ్మ. "లే. పో."