టెకరేయికి రాని మాట

ఎండ కొబ్బరి మట్టల మీదికి ఎక్కకముందే టెకరేయి పంపు తాళం తీసి ఆడవాళ్ల తోటకి నీళ్లు వదిలేది. పద్నాలుగు మంది కలిసి పెంచుకున్న తోట. మా దీవిలో ఉన్నదంతా ఇసుకా, పగడపు రాళ్లూనూ. ఎండుటాకులు, చేపల తుక్కు, పందుల పేడ రెండేళ్లు కుళ్లబెట్టి ఆ మట్టిని వాళ్లే తయారు చేసుకున్నారు. గుమ్మడీ క్యాబేజీ కాస్తుంటే, బియ్యం ఓడ ఆలస్యమైనా బతకొచ్చని అందరికీ ధైర్యం వచ్చింది. పంపుకి డీజిల్ అక్కర్లేదు, నాలుగు సోలార్ పలకలున్నాయి.

టెకరేయి మంచిదే, ఎవరూ కాదనరు. కానీ దానికి లేదనడం రాదు. ఆ మాటకొస్తే మాలో ఎవరికి వచ్చు గనక! చుట్టం వచ్చి ‘బుబుసి’ అని అడిగాడంటే ఇచ్చి తీరాలి. కాదంటే అంతకన్నా సిగ్గుచేటు లేదు.

మొదట మరిది బౌరో వచ్చాడు.

“వదినా, బుబుసి చేస్తున్నా. మా బుజ్జిదాని మొదటి పుట్టినరోజు. పాటలు పెట్టుకోవాలి. ఒక్క పలక ఇయ్యి.”

“అది తోటదిరా.”

“తోట ఎక్కడికి పోతుంది? ఇంకా మూడున్నాయిగా!”

ఇచ్చింది. పుట్టినరోజు అయిపోయింది, పలక మాత్రం బౌరో ఇంటి కప్పు మీదే ఉండిపోయింది. రెండోది ఫోన్లు చార్జింగ్ చేసుకుంటానని పినతండ్రి కొడుకు పట్టుకుపోయాడు. మూడోది పెత్తల్లి. నాలుగోది పడవలో దీపానికని మేనమామ.

పంపు ఆగిపోయింది. వారం తిరక్కుండానే గుమ్మడి తీగలు నేలకి అంటుకుపోయాయి. బావి నుంచి బకెట్లతో మోసి మోసి ఆడవాళ్ల నడుములు విరిగాయి. ఇంతలో కబురొచ్చింది. బేస్తవారం రాజధాని తరావా నుంచి పంపు ఇచ్చినవాళ్లు చూడ్డానికొస్తారట. అది ఆడకపోతే విప్పుకుని వేరే దీవికి పట్టుకుపోతారట.

పక్క మడి టెరేరె అందరి ముందూ చెయ్యి చాపింది. “తాళం ఇటియ్యి తల్లీ. నీ దానగుణం మా పిల్లల కంచాల్లో వడ్డిస్తావా?”

టెకరేయి మెడలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి వీధిలో నడవడం మానేసి, ఎవరూ ఎదురుపడకుండా నీళ్లంచున నడిచింది. పోనీ పలకలు తిరిగి అడుగుదామా అంటే, ఇచ్చినదాన్ని అడగడం మా ఇంటావంటా లేదు.

చివరికి మేనత్త బినటాకె దగ్గరికి పోయింది. బినటాకె చచ్చిపోయి పదకొండేళ్లయింది. అయినా రోజూ మధ్యాహ్నం ఊరి సభాశాలలో, తమ వంశం కూర్చునే చోట, స్తంభానికి ఆనుకుని చాప అల్లుకుంటూ ఉంటుంది. పక్కవాళ్లు కొంచెం జరిగి చోటిస్తారు.

“ఏమే, మొహం ఎండుచేపలా పెట్టావు?”

టెకరేయి ఏడుస్తూ అంతా చెప్పింది.

“నోట్లో నాలుక లేని ముండా!” అని అత్త చాప పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

నేరుగా బౌరో ఇంటికి పోయింది. “ఒరే, బుబుసి చేస్తున్నా. కప్పు మీదున్నది దింపు.”

“నీకెందుకు అత్తా అది? నీకు దీపం కావాలా, పాటలు కావాలా?”

“చచ్చినదాన్నని లేదంటావురా?”

బౌరో నిచ్చెన వేసుకుని పలక దింపాడు. తక్కిన ముగ్గురూ అంతే. సాయంత్రానికి నాలుగు పలకలూ తోటకి చేరాయి. ఆడవాళ్లంతా పోగయ్యారు.

అప్పుడు బినటాకె మేనకోడలి వైపు తిరిగింది.

“ఇక నీ వంతు. బుబుసి చేస్తున్నానే. నీ సిగ్గు నాకిచ్చెయ్. చచ్చినదానికి బరువేముంది, నేను మోస్తా. నువ్వు తలెత్తుకు తిరుగు.”

టెకరేయి ప్రాణం లేచొచ్చింది. ఇచ్చేస్తే ఎంత హాయి! ఇవాళే వీధిలో నడవొచ్చు. ‘తీసుకో అత్తా’ అనబోయింది. వాడిన తీగలు కంటబడ్డాయి. సిగ్గు పోతే రేపు ఇంకొకడు వస్తాడు, తను మళ్లీ నవ్వుతూ ఇచ్చేస్తుంది. ఆ సంగతి దానికి తెలుసు.

“ఇవ్వను.”

“ఏమన్నావు?”

“ఇవ్వనత్తా. అది నాది. నాకు కావాలి.”

అందరూ నోళ్లు తెరిచారు. పెద్దదాన్ని, అదీ పోయినదాన్ని, కాదంది! టెకరేయి భూమి చీలితే దూరిపోదును అనుకుంది.

బినటాకె దాన్ని ఎగాదిగా చూసింది. “సరే, ఉంచుకో” అని చాప అల్లుకోవడానికి వెళ్లిపోయింది. టెరేరె కొంగులోంచి తాళంచెవి తీసి టెకరేయి చేతిలో పెట్టింది.

బేస్తవారం తరావా వాళ్లు పడవ దిగి తోటలోకొచ్చారు. అదే సమయానికి బౌరో కూడా వచ్చి టెకరేయి చెవి దగ్గర గొణిగాడు. “వదినా, రేపు మా బావమరిది పెళ్లి. ఒక్క పూటకి...”

“లేదురా.”

“చుట్టాల ముందు నా పరువు తీస్తావా? సిగ్గు లేదూ?”

“ఉంది.”

మళ్లీ బౌరో దాన్ని ఏ విందుకీ పిలవలేదు. ఆ రోజు మాత్రం టెకరేయి ఎవరి మొహమూ చూడలేక, చెవుల దాకా ఎర్రబడి, తల వంచుకునే పంపు తాళం తిప్పింది. నీళ్లొచ్చాయి.