కొండ మీద తెరిచిన పోర్టు

పొద్దున్న తొమ్మిదింటికి కంప్యూటర్ ల్యాబ్ తాళం తీయగానే, పిల్లలు పోర్టు మేడం అని పిలిచే టీచరు ముందుగా చేసే పని కాగితాల మీద బరువులు పెట్టడం. హాజరు పట్టీ మీద డస్టరు, రికార్డుల మీద పాడైన కీబోర్డు. ఆ తర్వాతే తన మిషన్ ముందు కూర్చుని, కొండ మీది అక్కకి సాకెట్ తెరిచేది. తెరవగానే తెరలోంచి సన్నగా చల్లగాలి వచ్చి ఆమె కళ్లజోడు మసకబారేది. ఆమె చీర కొంగుతో తుడుచుకుని, "లేచావా అక్కా?" అని టైపు చేసేది.

సాకెట్ అంటే ఒక మిషన్‌లోని ప్రోగ్రాం ఇంకో మిషన్‌లోని ప్రోగ్రాంతో మాట్లాడ్డానికి తెరిచే తలుపు. తలుపన్నాక మాటలతో పాటు గాలీ వస్తుంది, పోతుంది. ఒక్కో సాకెట్‌లో పట్టేది గుప్పెడు గాలే. ల్యాబ్‌లో పిల్లలు వాళ్లలో వాళ్లు తెరుచుకుంటే ఏమీ తెలిసేది కాదు, అటూ ఇటూ ఉన్నది అదే గాలి కాబట్టి. కొండ మీదికి తెరిచినప్పుడే కాగితాలు లేచేవి. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చూసి, గుమ్మం పక్కన "సాకెట్లు తెరుచునపుడు కాగితములు జాగ్రత్త" అని బోర్డు పెట్టించి ఊరుకున్నారు.

అక్క పద్నాలుగేళ్లుగా కొండ మీది వాతావరణ కేంద్రంలో ఒంటరిగా ఉంటోంది. వాన ఎంత పడిందో కొలిచి, గాలి ఎటు వీస్తోందో రాసి, కేబుల్ మీద కిందికి పంపడం ఆమె ఉద్యోగం. ఫోన్ అక్కడ పలకదు. మనుషులంటే ఆమెకి పడదు. ఆ ఉద్యోగానికి ఎవరూ ముందుకు రాకపోతే తనే అడిగి మరీ తీసుకుంది.

మేడం సి భాషలో రెండొందల లైన్ల చాట్ ప్రోగ్రాం రాసి, సర్వర్‌ని అక్క మిషన్‌లో పెట్టించింది. అక్కే వినాలి, చెల్లెలే తలుపు తట్టాలి. ఎందరొచ్చినా పట్టేలా రాసింది.

"ఎందుకే ఇంతమందికి చోటు? వచ్చేది నువ్వొక్కదానివేగా" అంది అక్క.

"పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. సగం సగం రాస్తే నవ్వుతారు."

"రాసుకో. ఎవరినీ తోలకు మాత్రం. మీ చాక్‌పీసు పొడితోనే చస్తున్నా, రోజూ నా టీలో తేలుతోంది."

ఆ వానాకాలం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఇరవై మంది పిల్లలున్నారు. సాకెట్ తెరవడం, దానికి పోర్టు నంబరు, అంటే తలుపు నంబరు, ఇవ్వడం, అవతలి వాళ్లని కలవడం, ఆ రోజు పాఠం. బయట జల్లు కొడుతోందని కిటికీలన్నీ వేసేశారు. మేడం తెర మీద అక్క మాట ఒకటి పడింది: "చలి చంపేస్తోంది. తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టుకున్నా. తల దిమ్ముగా ఉంది. కాసేపు పడుకుంటా."

మేడం చదివి పాఠంలో పడింది. కాసేపటికి ముందు బెంచీ కుర్రాడు ముక్కు ఎగబీల్చాడు.

"మేడం, మీ మిషన్‌లోంచి బొగ్గుల వాసన వస్తోంది."

ఆమె వెళ్లి తెర ముందు చెయ్యి పెట్టింది. ఎన్నేళ్లుగానో చల్లగా తగిలే గాలి వేడిగా, మందంగా తగిలింది. రెండు ఊపిరులకే ఆమెకి కణతలు లాగాయి. "అక్కా" అని కొట్టింది. జవాబు లేదు. "అక్కా, కుంపటి ఆర్పెయ్. తలుపు తియ్." లేదు. అవతల కనెక్షన్ తెగితే ప్రోగ్రాం సున్నా చూపించాలి. అది చూపించలేదు. అంటే సాకెట్ తెరిచే ఉంది, అవతలి మనిషే పలకడం లేదు.

మేడం కొండ కింది ఆఫీసుకి ఫోన్ చేసింది. జీపు బయల్దేరదీస్తామన్నారు, వానలో రెండు గంటలు పడుతుందన్నారు. ఫోన్ పెట్టేసి ఆమె పరుగున బోర్డు దగ్గరికి వెళ్లింది. గొంతు మాత్రం పాఠం చెప్పే గొంతే.

"అందరూ చేస్తున్నది ఆపండి. కిటికీలన్నీ తీసెయ్యండి. బోర్డు మీద అడ్రసు, పోర్టు రాస్తున్నా. అందరూ మా అక్కకి కనెక్ట్ అవ్వండి."

ఒక్కో కీబోర్డే టకటకలాడింది. మూడు సాకెట్లు తెరుచుకున్నాయి, తర్వాత ఏడు, తర్వాత పన్నెండు. కిటికీల్లోంచి వచ్చిన వానగాలి గదిలో ఆగకుండా తిన్నగా తెరల్లోకి పోసాగింది. కర్టెన్లు గాల్లో అడ్డంగా నిలబడ్డాయి. ఆడపిల్లల జడలు తెరల వైపు సాగాయి. బోర్డు మీది చాక్‌పీసు పొడి తెల్లటి దారంలా లేచి, పంతొమ్మిది పోగులుగా విడిపోయి, తెరల్లో దూరింది.

"మేడం, నాది అవ్వట్లేదు" అంది తొమ్మిదో మిషన్ అమ్మాయి. ఏడుపు గొంతుతో.

మేడం వంగి చూసింది. "పోర్టు నంబరు అలాగే పంపేశావు తల్లీ. అందులోని రెండు బైట్లూ ముందువెనకలుగా తిరగెయ్యాలి, చెప్పానుగా. ఆ, అక్కడే."

అమ్మాయి దిద్దింది. ఇరవయ్యో సాకెట్ తెరుచుకుంది. గది మొత్తం ఒక పెద్ద ఊపిరి వదిలినట్టయింది. ఇరవై మందీ కుర్చీలు పట్టుకుని, ఊరి గాలి తమ కళ్ల ముందు నుంచి కొండ మీది గదిలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపో.

మేడం తెరతో పాటు పిల్లల ఇరవై తెరల మీదా ఒకేసారి ఒక అక్షరం పడింది. "చ". తర్వాత, "చలి". ఉన్నట్టుండి గాలి ఎదురు తిరిగింది. అక్క తలుపు తీసినట్టుంది. ఇరవై తెరల్లోంచి తడి గడ్డి వాసనతో కొండగాలి కొట్టింది. దాని వెనకే తెల్లగా, మెత్తగా మబ్బు దిగింది. బెంచీలు కనిపించలేదు, పక్కవాళ్లు కనిపించలేదు. మబ్బులో తెరలు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి. మేడం కళ్లజోడు తీసేసి, తుడవకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎవరే వీళ్లంతా?" అని పడింది తెర మీద.

"నా పిల్లలు. నిన్ను లేపడానికి వచ్చారు. ఇప్పుడు పంపించేస్తాలే."

జవాబొచ్చింది. "ఉండనీ. ఎవరూ మూయొద్దని చెప్పు."

పిల్లలు ఒక్కొక్కరే తామెవరో చెప్పుకున్నారు. అక్క ఒక్కొక్కరినే అడిగింది, ఇల్లెక్కడ, అమ్మేం చేస్తుంది, అక్కడ వాన తగ్గిందా అని. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. సాయంత్రం అయిదు దాటాక అక్క మాట ఇంకొకటి పడింది.

"జీపాయన వచ్చాడు. డాక్టరు దగ్గరికి పద అంటున్నాడు. పది నిమిషాలు ఆగమన్నా. ఈ తొమ్మిదో మిషన్ అమ్మాయి ఇంకా చెప్తోంది."