నిండుకుంది

దర్జీ పెళ్లాన్ని వీధంతా 'బ్యాంకు' అంటారు. ఆ పేరు పెట్టింది మొగుడే. "జీతం తెచ్చి ఆవిడ చేతిలో పోశానా, అక్కడితో నా పని సరి" అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. అదృష్టవంతురాలివమ్మా అంటారు వాళ్లు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

బ్యాంకులో ఏముందో బ్యాంకుకే తెలుసు. అద్దె పెరిగింది, జీతం పెరగలేదు. అటక మీది డబ్బాలోంచి ఒక నెల కొంత తీసింది, మళ్లీ వేద్దామనే. తీయడం అలవాటైంది గానీ వేయడం పడలేదు. చెబుదామని పక్కన కూర్చుంటే, "నువ్వున్నావుగా, నాకేం" అని అతను అటు తిరిగి పడుకునేవాడు. నోటికి గుండీ పెట్టినట్టయ్యేది. అతను తెచ్చిన చొక్కాలకు కాజాలు కుట్టుకుంటూ, ఆ మాటేదో దారానికే చెప్పుకునేది.

ఒక సాయంత్రం అతను చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, మూలమీద గడియారాల కొట్టు ఖాళీ అవుతోంది! అడ్వాన్సు ఇస్తే మనకే ఇస్తాడట. ఇంకొకడి కింద తల వంచుకుని కుట్టే ఖర్మ తప్పుతుంది. మన డబ్బాలో ఏ మాత్రం ఉంది?"

ఆమె పొయ్యి దగ్గరుంది. ఇంట్లో 'లేదు' అనకూడదని అమ్మ నేర్పింది. ఉప్పైనా నూనైనా అయిపోయిందనరు, నిండుకుందంటారు. నోటికి అదే వచ్చింది.

"నిండుకుందండీ."

బియ్యం సంగతైతే అతను మారుమాట లేకుండా సంచీ పట్టుకుని బయల్దేరేవాడు. కానీ డబ్బా పెట్టిందే నిండడానికి కదా.

"నిండిందీ! నాకు తెలుసే, నా బ్యాంకు మామూలుదా!"

"అది కాదు, నిండుకుందంటే..."

"వచ్చాక చెబుదువుగానీలే." అప్పటికే వీధిలో పడ్డాడు.

పిలిస్తే వినపడే దూరమే. ఆమె గుమ్మం దాకా వచ్చింది. వెనక నుంచి చూసినా అతని నడకలో సంతోషం తెలుస్తోంది. ఆ నడక చూసి ఎన్నాళ్లయిందో. పిలవలేకపోయింది.

"ఏంటి బ్యాంకూ, మీ ఆయన అలా ఎగురుకుంటూ పోతున్నాడు? లాటరీ గానీ తగిలిందా?" ఎదురింటావిడ.

"ఏం లేదు వదినా" అంది. మొగుడికి చెప్పాల్సిన మాట వదినకు చెప్పేసినట్టయింది.

దీపాల వేళకు తిరిగొచ్చాడు.

"మాటిచ్చేశా. అటునుంచటే మా ఓనరు దగ్గరికెళ్లి, ఇక నీ కత్తెర నువ్వే పట్టుకోవయ్యా అని మొహం మీదే చెప్పొచ్చా. వాడి మొహం చూడాల్సింది!"

తనే నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"డబ్బాలో ఏమీ లేదండీ."

"మరి నిండిందన్నావు?"

"నిండుకుందన్నాను."

అతనికి అప్పుడర్థమైంది. అటక వంక చూశాడు, ఆమె వంక చూడలేదు.

"ఎప్పట్నుంచి?"

"అద్దె పెంచినప్పట్నుంచి."

"నాకు చెప్పొద్దూ?"

"మీరు అడగొద్దూ?"

అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది. అతను గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"అడిగితే, నా సంపాదన చాలట్లేదంటావని" అన్నాడు. "అందుకే అడగలేదు."

ఇన్నాళ్లూ అతను తనని నమ్మాడనుకుంది. నమ్మకం కాదు, భయం. తను ఒక మూల, అతను ఒక మూల, ఒకే దుప్పట్లో.

"పాలకెంతవుతుంది?" అడిగాడు. చెప్పింది. "గ్యాసుకి?" చెప్పింది. అడుగుతూనే ఉన్నాడు, కొత్తగా కాపురానికొచ్చినవాడిలా. చెప్పేకొద్దీ ఆమెకు ఊపిరి తేలికైంది. అతని మెడ మాత్రం వంగిపోతూ వచ్చింది. ఆ మెడను ఆమె పోల్చుకుంది. కాజాలు కుట్టే వేళ తనదీ అలాగే వంగేది.

"ఓనరు పడుకోకముందే వెళ్లి కాళ్లో వేళ్లో పట్టుకోవాలి" అంటూ లేచాడు.

"నేనూ వస్తాను."

"వద్దు. అదన్నా నన్ను ఒక్కణ్నే పడనీ."

చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఈసారి ఆమె గుమ్మం దాకా రాలేదు. స్టూలెక్కి, అటక మీది డబ్బా దించి, మూత తీసి, అతను రాగానే కనపడేలా గది మధ్యలో పెట్టింది.