రెండు గొంతుల మీద తులసిమాల

నేను ఒక తులసిమాలను. నూట ఎనిమిది పూసలు, మధ్యలో అయ్యప్ప బిళ్ల. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు కట్టినవాళ్ల మెడల్లో నాలాంటివి మీరు చూసే ఉంటారు. తులసికాడలు ఎండబెట్టి నన్ను గుచ్చిన చేతులు ఎవరివో గుర్తులేదు. గుర్తున్నవి రెండు గొంతులు. నేనుండేది మెడమీద కాబట్టి, మాట నోటికి రాకముందే నాకు తెలిసిపోతుంది.

మొదటి గొంతు అప్పలనరసయ్యది. విశాఖ రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. ఏడేళ్లు ఏటేటా దీక్ష పట్టాడు. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, నేలమీద పడక. వీధి వీధంతా 'స్వామీ' అని దండం పెట్టేది. నలభై రెండో రోజు నన్ను మేకుకు తగిలించి తిన్నగా బ్రాందీ షాపుకు నడిచేవాడు. "దీక్ష అయిపోనాది కదేటి!" అనేవాడు. రోజులు లెక్కపెట్టడంలో మనుషులు చాలా నిజాయితీపరులు. చివరికి లివరు చెడి, ఒళ్లంతా పచ్చబడి కన్నుమూశాడు.

పోయినవాళ్ల మాలను సముద్రంలో కలిపెయ్యాలన్నారు పెద్దలు. తమ్ముడు పోలారావు కలపలేదు. అన్న ఏడేళ్ల దీక్షాఫలం నాలో ఉందనుకున్నాడు. అతనిదీ అదే ఫ్యాక్టరీ, అదే అలవాటు, అదే జబ్బు. "ఇంకొక్క చుక్క పడితే మీ అన్న దగ్గరికే" అన్నాడు డాక్టరు. ఏడాది మైల తీరాక నన్నే మెడలో వేయించుకున్నాడు.

కొండకు వెళ్లొచ్చాడు. గడువు తీరింది. అయినా నన్ను తియ్యనివ్వలేదు. నెల దాటింది.

"ఇంకెన్నాళ్లు నిన్ను స్వామీ స్వామీ అనాల మావా?" అనేసి, భార్య సన్యాసమ్మ నాలిక కరుచుకుంది.

ఒక మధ్యాహ్నం పోలారావు ఐసుగదిలో ఒక్కడే దిమ్మలు లాగుతున్నాడు. మోకాళ్లదాకా తెల్లటి పొగ. అప్పుడు నా కిందనుంచి, అతని గొంతులోంచే, ఎవరో మర్యాదగా పిలిచారు.

"స్వామీ, చలేస్తంది కదా. మాల మెడలోనే ఉంది కదా. ఒక్క గుక్కకి ఏటవుద్ది?"

నా పూసలు బిగుసుకున్నాయి. అది అప్పలనరసయ్య గొంతు. ఏడేళ్లూ, దీక్ష విడిచే రోజు పొద్దున్నే నేను విన్న గొంతు.

పోలారావు దిమ్మ వదిలేసి, తనకు మాల వేసిన గురుస్వామి చిన్నంనాయుడి ఇంటికి పరుగెత్తాడు.

"అన్న పిలుస్తన్నాడు స్వామీ. మాలున్నా వచ్చేస్తన్నాడు."

గురుస్వామి అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మీ అన్న కాదు స్వామీ. కోరికకి సొంత గొంతుండదు. మనకి బాగా తెలిసిన గొంతే తొడుక్కుంటాది. తాబేలు కాళ్లూ తలా లోపలికి లాక్కున్నట్టు మనిషి ఇంద్రియాల్ని లాక్కోవాలంది శాస్త్రం. తాబేలు మెడకి ఎవరైనా తాడు కట్టి లోపలికి లాగుతారా? అదే లాక్కుంటాది. నువ్వు మాలని కాపలా పెట్టి పడుకున్నావు."

"తీసేస్తే?"

"నువ్వే మేలుకోవాల."

పోలారావు తల వంచాడు. గురుస్వామి నన్ను తీశాడు. మెడనుంచి వచ్చేటప్పుడు ఆ వెచ్చదనం నన్ను వదల్లేదో, నేనే దాన్ని వదల్లేదో.

ఇప్పుడు దేవుడి పటం పక్కన మేకుకు ఉన్నాను. నిన్న సాయంత్రం పోలారావు పనినుంచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెయ్యి మెల్లగా నా వైపు లేచింది. సరిగ్గా అప్పుడు ఆ గొంతు మళ్లీ వినిపించింది. అతని మెడలోంచి కాదు. నా పూసల మధ్యనున్న ఖాళీలోంచి.

"నువ్వు లేకపోతే వాడు తాగి చస్తాడు స్వామీ. మెడ ఎంత వెచ్చగా ఉండేది! ఒక్కసారి జారి వాడి చేతిలో పడు."

నన్నెవరూ అంతవరకు స్వామీ అని పిలవలేదు. పూసలన్నీ మేకు కొసవైపు ఒరగబోయాయి. బిగబట్టుకున్నాను.

అతని చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. తర్వాత దిగిపోయింది.

"కూడెట్టే, ఆకలేస్తంది" అన్నాడు వంటింటివైపు తిరిగి.

"వస్తన్నాను మావా."

అతను అన్నం ముందు కూర్చున్నాడు. ఆ గొంతు మాత్రం వెళ్లిపోలేదు. నా మధ్య ఖాళీలోనే ఉంది. నా జవాబు కోసం, ఎంతో మర్యాదగా, కనిపెట్టుకుని ఉంది.