ఆయనొచ్చేదాకా

పేముబద్దలు ఇంకా నానలేదు. వేలికి చుట్టబోతే ఎదురు తిరుగుతున్నాయి. కుర్చీలు అల్లే ముసలాయన వాటిని మళ్లీ బకెట్లోకి తోసి, తడి చేతులతోనే కళ్లు మూసుకున్నాడు. కొన్నేళ్లుగా రోజూ పొద్దున్నే దేవుణ్ణి అడిగేది ఒక్కటే. జబ్బుపడి అన్నీ మరిచిపోయిన ఇల్లాలు తనను ఒక్కసారి గుర్తుపట్టాలి.

"ఇంకా విసుగు రాలేదా పెద్దాయనా?" కొత్త కుర్చీ చట్రం గుమ్మంలో దించుతూ వడ్రంగి నవ్వాడు.

"దేవుడి దగ్గర నాకంటే ముందు ఎంతమంది నిలబడ్డారో! నా వంతు రావద్దూ?"

అలా అన్నాడు గానీ, విసుగు రాకపోవడమేమిటి, బోలెడంత వస్తుంది. ఒక్కోరోజు దేవుడి మీద అలిగి నోరు మెదపడు. మర్నాడు తనే దిగివస్తాడు. అలిగితే బతిమాలేవాళ్లు ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు మరి.

వడ్రంగి వెళ్లాక ఇల్లాలు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది.

"ఎవరు బాబూ నువ్వు?"

"కుర్చీలు అల్లేవాణ్ణమ్మా."

"మా ఆయనదీ అదే పని. వచ్చే వేళయింది. ఆయనొచ్చేదాకా కూర్చో."

"అలాగేనమ్మా," అని కూర్చున్నాడు. తన ఇంట్లో తనకోసమే ఎదురుచూడడం మొదట్లో గుండె కోసేది. ఇప్పుడు ఆ మాట వినపడకపోతే తోచదు. వస్తాడన్న నమ్మకం ఆమెకైనా ఉంది కదా!

ఒకప్పుడు ఆ పని ఇద్దరిది. నిలబెట్టిన చట్రానికి ఇటు ఆయన, అటు ఆమె. ఆయన చిల్లులోంచి బద్ద దూరిస్తే, ఆమె అందుకుని పక్క చిల్లులోంచి తిరిగి పంపేది. మూల దగ్గరకొస్తే మాత్రం ఆ చిల్లు వదిలేసి, దాని పక్కదాంట్లోంచి పంపేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆయన సణుగుతూ విప్పి మళ్లీ అల్లేవాడు. ఇప్పుడు చట్రం చుట్టూ ఒక్కడే తిరుగుతున్నాడు.

మధ్యాహ్నానికి ఓపిక చచ్చింది. "అసలు వినపడుతోందా నీకు?" అని పైకి చూసి గొణిగి, బద్ద దూర్చి కసిగా లాగబోయాడు. అది రాలేదు. అవతల ఎవరో పట్టుకున్నారు.

వంగి చూశాడు. చట్రానికి అటువైపు ఆమె చతికిలబడి ఉంది. బద్దను వేళ్లతో నిమిరి, మూల చిల్లు వదిలేసి, పక్కదాంట్లోంచి పంపింది.

"మెల్లిగా లాగండి, తెగుతుంది. మీకెప్పుడూ తొందరే!"

ఏడిస్తే బెదిరిపోతుందేమోనని ఆయన గట్టిగా ముక్కు చీదాడు. "సరేలేవే," అన్నాడు.

ఎండ గోడ దిగేదాకా ఇద్దరూ అల్లారు. ఆ తర్వాత ఆమె అక్కడే చాప మీద ఒరిగింది.

"మీరొచ్చేశారుగా. కాసేపు పడుకుంటా."

చీకటి పడుతుంటే లేపడానికి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఆ చేతిని వదలకుండా చాలాసేపు ఏడ్చాడు.

కొన్ని రోజుల తర్వాత ఒక పొద్దున బద్దలు నానబెట్టి, అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. అడగడానికేమీ దొరకలేదు.

"విన్నావు," అన్నాడు. "మళ్లీ మా ఇద్దర్నీ ఎప్పుడు కలుపుతావో నీ ఇష్టం. ఈసారి తొందరపెట్టను."

కుర్చీ కోసం వచ్చిన వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూల తప్పిందే. విప్పుదామా?"

"వద్దు. అది ఇక్కడే ఉంటుంది. నీకు ఇంకోటి అల్లి ఇస్తా."

కిటికీ పక్కన ఆ కుర్చీ, మిగతా చిల్లులన్నీ నిండి, మూలది ఒక్కటే ఖాళీగా, పొద్దుటి ఎండలో మెరుస్తోంది.