అరువిచ్చిన పేరు

పుస్తకం అట్ట మీద బంగారు అక్షరాల్లో తన పేరు చూసుకునే సమయానికి యూయా రెండు చేతుల్లోనూ దోన్యా ఫియోర్ తల ఉంది. తల నిండా షాంపూ నురగ. ఆ రిటైర్డ్ టీచరమ్మ పుస్తకం తడవకుండా చేతులు పైకెత్తి పట్టుకుని తెగ మురిసిపోతోంది.

"ఎర్సీలియా మార్తే! పేరెంత బరువుగా ఉందో చూశావా యూయా? పుస్తకాలు రాసేవాళ్ళకి ఇలాంటి పేరుండాలి. నీకూ నాకూ ఉన్నాయి, ఎందుకూ?"

"కళ్ళు మూసుకోండి, నీళ్ళు పోస్తున్నా," అంది యూయా.

నిజంగానే పోసింది, కాస్త ఎక్కువే పోసింది.

ఇరవై ఏళ్ళుగా మోకా పట్నంలో ముందుగదిలో సెలూన్ నడుపుతున్నా, యూయా అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఎవరి అసలు పేరు ఎవరికి తెలుసు గనక! బాప్తిస్మం నీళ్ళు ఆరకముందే ఎవరో ఒకరు ముద్దుపేరు తగిలిస్తారు, పోయేదాకా అదే ఉంటుంది. అసలు పేరు గుర్తింపు కార్డులో ఓ మూల పడి ఉంటుంది. యూయా కార్డులో ఉన్నది ఎర్సీలియా మార్తే. పుస్తకం రాసిందేమో ఆమె చెల్లెలు మినెల్బా, ఇంట్లోవాళ్ళకి మినా.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. న్యూయార్క్‌లో ఉన్న నాన్న పెద్దకూతురికి వీసా తెప్పించాడు. వీసా చేతికొచ్చేసరికి పెద్దకూతురికి ఐదో నెల. కారకుడు పొగాకు కోతలు ముగియగానే లారీ ఎక్కి పోయాడు, మళ్ళీ కనబడలేదు. ఆ కడుపేసుకుని నాన్న ముందు దిగలేనని యూయా మంచం పట్టింది. అప్పుడు అమ్మ తీర్పు చెప్పింది.

"అంత కష్టపడి తెప్పించిన వీసా పాడైపోతుందే. మినా వెళ్తుంది. ఇద్దరి మొహాలూ ఒక్కలాగే ఉంటాయిగా! కాగితం మీద పేరేగా పోయేది, ఆ పేరుతో నిన్నెవరు పిలిచారే ఎప్పుడైనా?"

యూయా సరేనంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, పేరు పోతే ఏం పోతుందో దానికేం తెలుసు? నాన్న విమానాశ్రయంలో ఒక కూతురి కోసం ఎదురుచూసి, ఇంకో కూతుర్ని వెంటబెట్టుకుని ఇంటికి పోయాడు. ఆయన కూడా కిమ్మనలేదు.

ఆ పేరుతోనే మినా అక్కడ చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, పౌరసత్వం తెచ్చుకుంది. ఇక్కడ యూయాకి పుట్టిన బిడ్డ కూడా దక్కలేదు. మళ్ళీ వీసా అడిగితే, మీరు ఎప్పుడో వెళ్ళిపోయారు కదమ్మా అంటారు. అందుకని అడగనే లేదు.

చెల్లెలి కోటూ, మంచులో దిగిన ఫొటోలూ, పిల్లల డిగ్రీలూ చూసి యూయా కుళ్ళుకోలేదని కాదు. కుళ్ళుకుంది, అరిగించుకుంది. పుస్తకం మాత్రం అరగలేదు. ఎందుకంటే బడిలో వ్యాసాలు రాసింది యూయా. తనది రాసుకున్నాక, బతిమాలితే, మినాది కూడా రాసిపెట్టింది. అమ్మ గురించీ, పొగాకు షెడ్ల గురించీ, చచ్చిన మేనత్తల గురించీ ఆదివారం ఆదివారం ఫోనులో చెప్పింది కూడా యూయానే. అవతల పెన్ను కదులుతోందని ఎవరనుకున్నారు?

దోన్యా ఫియోర్‌కి రోలర్లు చుట్టి డ్రైయర్ కింద కూర్చోబెట్టింది. ఆ హోరులో తన గొంతు తనకే వినబడక టీచరమ్మ వీధంతా వినేలా చదవసాగింది.

"'మినెల్బా ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమె చేతులకి ఎప్పుడూ మాడిన వెంట్రుకల వాసన.' పాపం, ఎవరో ఏమో! ఇదిగో యూయా, వెనకాల ఫొటో చూడు, ఈవిడలో నీ పోలికలున్నాయే!"

"నాకంత ముక్కుందా?" అంది యూయా. లోపలికి పోయి తలుపు చాటున చేతులు రెండూ వాసన చూసుకుంది. ఉంది, నిజమే. ఒళ్ళంతా భగ్గుమంది. అక్క పేరు అట్ట మీద వేసుకుని, తన పేరును ఈ మాడు వాసనకి అంటగట్టిందా మినా!

ఆ వారమే మినా ఫోను చేసింది. రాజధానిలో పుస్తకాల పండుగకి పిలిచారట, వేదిక మీద సన్మానమట.

"అక్కా, జుట్టు మాత్రం నువ్వే చెయ్యాలి. ఇంకెవరి చేతికీ ఇవ్వను."

"వస్తాలే," అంది యూయా. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు మినాకే అనుమానం రావాల్సింది. రోలర్లూ, డ్రైయరూ, గుండ్రటి బ్రష్షూ సంచిలో సర్దుకుని, గుర్తింపు కార్డు పర్సులో అందేలా పెట్టుకుని యూయా శనివారం పొద్దున్నే బస్సెక్కింది. మైకులో ఎర్సీలియా మార్తే అని పిలుస్తారు కదా, పిలిచినప్పుడు తాను లేచి నిలబడుతుంది. కార్డు చూపిస్తుంది. తర్వాత ఏమైతే అదవుతుంది.

హోటల్ గదిలో మినా అద్దం ముందు కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉంది. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా మెడ అలాగే ఉంది, దొంగమొహంది. యూయా తల కడిగి, రోలర్లు చుట్టి ఆరబెట్టి, విప్పి, పాయ పాయా బ్రష్షుతో లాగుతూ వేడిగాలి పట్టింది. మినా ఓసారి కెవ్వుమంది.

"చెవి కాలుతోందక్కా!"

"కాలనీ. ఆ మాడిన వెంట్రుకల దానికి నీ పేరెందుకు పెట్టావే?"

మినా అద్దంలోంచి చూసింది. "ఎక్కడో ఓ చోట నా పేరుండాలనిపించింది."

"నా పేరు నువ్వు తగిలించుకుని, నీ పేరు తెచ్చి నా నెత్తిన రుద్దావా? నేను వెళ్ళుంటే ఆ పుస్తకం నేనే రాసేదాన్ని."

"రాసేదానివే. నాకంటే బాగా రాసేదానివి."

కాదని ఉంటే దెబ్బలాడేది. ఔనంటే ఏం చేస్తుంది? యూయాకి ఇంకా మండింది. డ్రైయర్ ఆపి చెప్పేసింది.

"ఇవాళ ఆ పేరు పిలిచినప్పుడు నేను లేస్తా. కార్డు తెచ్చుకున్నా."

మినా మొహంలో రంగు పోయింది.

"పౌరసత్వం లాగేసుకుంటారక్కా. పిల్లలక్కడ, నేనిక్కడ."

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను. నీ మీద నాకంత కుళ్ళు. దాచుకోవడం దేనికి?"

మినా తల వంచుకుంది. "నీ మీద నాకు లేదనుకున్నావా?"

"నా మీదా? ఏం చూసి? ఈ డ్రైయర్ చూసా?"

"మా ఆయన రఫాయెల్ నన్ను దగ్గరికి తీసుకుని ఎర్సీలియా అంటాడు. ఇరవై నాలుగేళ్ళు. ప్రతిసారీ నిన్నే పిలుస్తున్నట్టుంటుంది నాకు. ఆయనకి చెప్పలేను, పిల్లలకి చెప్పలేను. నాన్న పోయాడు, అమ్మ పోయింది. మినా అని పిలిచేదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివే మిగిలావు." కళ్ళు తుడుచుకుంది. "నువ్వు లేస్తే నేను కాదనను. నీ పేరు నీది."

జాలిపడాల్సిన చోటది. యూయాకి కాస్త జాలి వేసిన మాట నిజమే. కానీ దాని వెనకే, అంతకు పదింతలు, కొత్త కుళ్ళు పుట్టుకొచ్చింది. తన పేరును ఒక మగవాడు ఇరవై నాలుగేళ్ళ పాటు ప్రేమగా పిలిచాడట! తాను ఒక్కసారైనా వినలేదు. లారీ వాడు కూడా యూయా అనే అన్నాడు.

మిగిలిన పాయలు పూర్తి చేసింది. జుట్టు పట్టులా జారింది. చేతికి పని వస్తే పగవాడి తలైనా పాడు చెయ్యలేదు యూయా.

సాయంత్రం నాలుగింటికి హాలు నిండిపోయింది. మొదటి వరసలో అక్కచెల్లెళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఎర్రకోటు వేసుకున్నాయన మైకు పట్టుకుని, వలస గురించీ, స్త్రీల గురించీ, మనమెవరం అన్న ప్రశ్న గురించీ చాలాసేపు ఊదరగొట్టాడు. చివరికి చెయ్యి చాచి పిలిచాడు.

"ఎర్సీలియా మార్తే!"

చప్పట్లు మోగాయి. మినా లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని యూయా వైపు తిరిగి చూస్తూ కూర్చుంది. అన్న మాట మీద నిలబడింది, ఎంత పొగరు!

"ఎర్సీలియా మార్తే, దయచేసి వేదిక మీదికి!"

అంత పెద్ద గొంతుతో, అంతమంది ఎదుట, తన పేరు ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. పర్సులో కార్డు అంచు వేళ్ళకి తగులుతోంది. లేస్తే చాలు, మరుక్షణం పేరు తనదైపోతుంది. తనదై, ఆ పేరుతో తానేం చేస్తుంది? వేదిక ఎక్కి ఏ పుస్తకం చదువుతుంది? ఆ రఫాయెల్ రేపట్నుంచి ఎవర్ని పిలుస్తాడు, ఎలా పిలుస్తాడు? చప్పట్లు సన్నగిల్లాయి. వెనక వరసల్లో మెడలు సాగాయి. ఎర్రకోటాయన నవ్వు బిగుసుకుపోయింది.

యూయా పర్సు మూసింది. చెల్లెలి వైపు వంగి, తాను సాపు చేసిన జుట్టును చెవి మీంచి వెనక్కి తోసి, మెల్లగా అంది.

"లే, ఎర్సీలియా. నిన్నే పిలుస్తున్నారు."

ముప్ఫై ఏళ్ళలో ఆమెను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. చెంప మీద కొట్టినట్టు మినా ఉలిక్కిపడింది.

"అక్కా, నువ్వు కూడానా?"

చెల్లెలు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే యూయా అరిచేతులు మంట పుట్టేదాకా చప్పట్లు కొట్టింది.