ఉమ్మడి గోడ

వంటింట్లో కొత్త టైల్స్ వేయిద్దామని యోరిన్ అనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

జాండమ్‌లో కాలువ పక్కన ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఇళ్ళలో ఆమెది నూట పన్నెండేళ్ళ ఇల్లు. విడాకులైన రెండేళ్ళకు, నలభై ఆరో ఏట, సొంతంగా తన పేరున కొనుక్కున్న మొదటి ఇల్లు. తలుపులన్నీ పైఅంచున ఏటవాలుగా చిత్రిక పట్టి ఉండేవి. ద్వారబంధాలు ఒరిగిన కొద్దీ ఎవరెవరో తలుపుల్ని చెక్కుకుంటూ వచ్చారు. పాత ఇంటికి ఆమాత్రం వంకర అందమేలే అని ఆమె మురిసిపోయింది.

తమ్ముడు సీట్సే వడ్రంగి. సెలవు పెట్టుకుని సాయానికి వచ్చాడు. మొదటిరోజే వంటింటి నేల పలకలు ఊడదీసి, టార్చి పట్టుకుని కింది గుంటలోకి దిగాడు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"ఏరా, లోపలే కాపురం పెట్టావా?" అంది యోరిన్.

"అక్కా, ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇచ్చి నువ్వూ దిగు."

ఆ ఊళ్ళో పాత ఇళ్ళన్నీ బురదనేలలో దిగగొట్టిన చెక్క దుంగల మీదే నిలబడి ఉంటాయి. సీట్సే ఒక దుంగ తలలో స్క్రూడ్రైవర్ గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. లాగితే నల్లటి పిప్పి వచ్చింది.

"నీళ్ళల్లో మునిగున్నంత కాలం వీటికి చావు లేదే. ఈ నాలుగు ఎండాకాలాల్లో నీళ్ళు కిందకి పోయాయి. గాలి తగిలాక ఇంకేముంది."

"ఇలాంటివి ఎన్నున్నాయి?"

"నా చేతికి అందినవన్నీ."

ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకుని అంతకన్నా కష్టమైన కబురు చెప్పింది. ఈ ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. దాని కింద దుంగల వరుసా ఒక్కటే. ఒకవైపే పునాది మారిస్తే గోడ చీలిపోతుంది. రెండిళ్ళూ ఖాళీ చేసి, రెండిళ్ళ నేలా తీసి, ఒకేసారి చేయాలి. ఐదు నెలల పని.

పక్కింట్లో ఏవర్ట్, హెన్నీ అనే వృద్ధ దంపతులు ఉండేవారు. హెన్నీకి చూపు పోయి పదకొండేళ్ళయింది. యోరిన్ వెళ్ళేసరికి ఏవర్ట్ కాఫీ పోసి, బిస్కెట్ల డబ్బా తెరిచి తలా ఒకటి ఇచ్చి మూత పెట్టేశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"అమ్మాయ్, కుంగడానికి నూరేళ్ళు పట్టిందిగా. ఇంకో ఐదేళ్ళు ఓపిక పట్టు. ఆ తర్వాత మమ్మల్ని అడగాల్సిన పనే ఉండదు."

"గోడ అంతదాకా ఆగుతుందో లేదో చెప్పలేమంటున్నారండీ."

"ఆగుతుందని ఏ ఇంజనీరు మాత్రం ఎప్పుడు చెప్పాడు గనక? ఈవిడ ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతుంది. మంచం దగ్గర్నుంచి పెరటి తలుపు దాకా అంతా ఈవిడ కాళ్ళకి తెలుసు. తీసుకెళ్ళి వేరేచోట పడేస్తే ఏమైపోవాలి?"

యోరిన్ కాఫీ తాగేసి ఇంటికొచ్చింది. కోర్టుకెళ్ళమని సీట్సే అన్నాడు. ఆమె కాగితాలు నింపి వారం రోజులు బల్ల మీదే పెట్టుకుంది. పంపడానికి చేతులు రాలేదు.

చివరికి హెన్నీయే వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చి గంట కొట్టింది.

"రెండేళ్ళుగా వింటున్నానమ్మా, గోడలో ఇసుక రాలుతున్న చప్పుడు. ఆయనకి చెప్పలేదు, చెబితే నిద్రపోడు. సంతకం నేను పెట్టిస్తాను. ఐదు నెలలేగా, తిరిగొచ్చేస్తాం."

మార్చిలో ఆ దంపతులు ఊరి చివర ఒక చిన్న ఫ్లాటుకు, యోరిన్ తమ్ముడింటికి మారారు. పనివాళ్ళు ఏవర్ట్ వాళ్ళ వైపు నేల తీశారు, జాకీలు బిగించారు. నాలుగో రోజు ఉమ్మడి గోడ మీద కింది నుంచి పైఅంతస్తు దాకా చెయ్యి దూరేంత పగులు విచ్చింది. అటువైపు గోడ బీరువా పలకలు ఊడదీసి చూస్తే, వెనక గోడలోనే కలిపి కట్టిన ఇటుకల పొగగొట్టం కిందిభాగం లేనే లేదు. పైన అంత బరువూ ఏ ఆధారమూ లేకుండా వేలాడుతూ ఉంది. ఇంటి కాగితాల్లో ఆ సంగతి ఎక్కడా లేదు.

కబురు తెలిసి ఏవర్ట్ ఒక్కడే వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని పగులును చూస్తూ నిలబడ్డాడు.

"అది నేనే తీసేశాను" అన్నాడు. "పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో. కుట్టుమిషను పెట్టుకోను చోటు లేదని హెన్నీ అంది. ఒక శనివారం సుత్తి పట్టుకుని మొత్తం పగలగొట్టేశాను. ఎవర్నీ అడగలేదు." టోపీ తలకు పెట్టుకుంటూ, "దీనివల్లే ఇలా అయిందని దానికి చెప్పకమ్మా" అన్నాడు.

పునాది మార్చడానికి ఇక వీల్లేదని ఇంజనీరు తేల్చేసింది. రెండిళ్ళూ కూల్చేయమని ఉత్తర్వు వచ్చింది. జూన్‌లో ఒక పూటలో పని అయిపోయింది. యోరిన్ కాలువ అవతలి ఒడ్డున నిలబడి చూసింది. ఏవర్ట్ రాలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఫ్లాటుకు వెళ్ళింది. హెన్నీ కుర్చీలో ఉంది. మోచేతి మీద పెద్ద కమిలిన మచ్చ.

"ఇక్కడ గోడలన్నీ ఒకేలా మోగుతాయమ్మా. ఎక్కడున్నానో తెలియట్లేదు" అంది. తర్వాత అడిగింది, "వీధిలో పునాదులు మార్పించుకున్న ఇళ్ళన్నీ బాగానే ఉన్నాయిగా. మనదే ఎందుకు నిలబడలేదు?"

అటు తిరిగి కాఫీ కలుపుతున్న ఏవర్ట్ చెయ్యి ఆగిపోయింది.

"దుంగలండీ. మా వైపువే ఎక్కువ పాడయ్యాయి. నేను కదపకపోతే బాగుండేది" అంది యోరిన్.

"అయితే నీ వల్లేనన్నమాట."

"అవునండీ."

ఏవర్ట్ కాఫీ తెచ్చి పెట్టాడు గానీ యోరిన్ వైపు చూడలేకపోయాడు. బస్సులో తిరిగి వెళ్తూ, తన మాటతో ఆ ముసలాయన గుండె కొంచెమైనా తేలికపడి ఉంటుందా అని యోరిన్ ఆలోచించింది. తనకు మాత్రం ఏమీ తేలికపడలేదు.

వారం తిరగకుండా మళ్ళీ వెళ్ళింది. ఏవర్ట్ తలుపు జానెడు తెరిచి, "నిద్రపోతోంది" అన్నాడు. లోపల రేడియో మోగుతూ ఉంది.

"ఎవరండీ వచ్చింది?" అని హెన్నీ గొంతు వినిపించింది.

"ఎవరూ కాదులే" అన్నాడు ఏవర్ట్. మెల్లగా తలుపు వేసేశాడు.